పట్టికలో మొదటి నంబరు

ఈ పేటలో సగం మంది ఒంట్లో పారేది నా రక్తమే. ఓ నెగెటివ్ మరి, ఎవరికైనా ఇట్టే పడుతుంది. పడనిది ఒక్క ఇస్త్రీ అతనికే.

ఆ పొద్దున అతను ఇస్త్రీపెట్టెలో బొగ్గులు ఎగదోసి, చెమట మోచేత్తో తుడుచుకుని, డాక్టరుగారి తెల్లకోటు బల్లమీద పరిచాడు. బక్కమనిషి. మోచేతి మడతలో సన్నని మచ్చలు. అవేమిటని భార్య అడిగితే నిప్పురవ్వలనేవాడు. అవి సూదిమచ్చలని మాకు తర్వాతే తెలిసింది. అతనిది ఓ నెగెటివ్ కూడా సరిపడని అరుదైన రక్తం. బ్లడ్‌బ్యాంకు నుంచి ఫోనొస్తే, బట్టలిచ్చొస్తానని చెప్పి వెళ్లి రక్తమిచ్చి వచ్చేవాడు. పదకొండేళ్లలో పద్దెనిమిది సార్లు. నిజం చెబితే, పిడికెడు మనిషివి, ఉన్న కాస్తా ధారపోస్తావా అని ఆమె గడప దాటనివ్వదు.

నెలరోజులుగా కడుపులో మంట. మధ్యాహ్నం కాలరు మడత తిప్పబోతూ నెత్తురు కక్కుకున్నాడు. కోటుమీద పడకుండా పక్కకు తిరిగి మరీ కక్కాడు.

ఆసుపత్రికి వెంట వెళ్లిన నేను చొక్కా చెయ్యి మడిచి ముందు నిలబడ్డాను. అన్నట్టు, నేను రక్తమిచ్చింది అంతకుముందు ఒక్కసారే. అదీ సూది చూసి పడిపోతే నా తలకే మూడు కుట్లేశారు. ఇప్పుడు నాదే కాదు, నిల్వ ఉన్న ఓ నెగెటివ్ సంచులన్నీ అతని రక్తంతో కలిపి చూస్తే గడ్డలు కట్టాయి. ఎక్కిస్తే ప్రాణం తీస్తుందట.

వారం కిందటే చేరిన ల్యాబు అమ్మాయి పట్టిక పట్టుకొచ్చింది. అందులో పేర్లుండవు, ఫోను నంబర్లే.

"కంగారుపడకండి పిన్నిగారూ. ఇదే రక్తమున్నాయన ఈ ఊళ్లోనే ఉన్నారు. పద్దెనిమిదిసార్లు ఇచ్చారట, ఒక్కసారీ కాదనలేదు."

మొదటి నంబరు నొక్కింది. భార్య ఒళ్లో ఉన్న అతని చొక్కా జేబులో ఫోను మోగింది. అతను కళ్లు తెరిచి, "ఎత్తకే. ఈసారి రాలేనని చెప్పడం నావల్ల కాదు" అన్నాడు.

రెండో నంబరాయన ఆరుగంటల దూరం నుంచి బస్సెక్కాడు. నాలుగో గంటకే ఇతను వెళ్లిపోయాడు.

జేబులో ఫోను మోగడం, అతను ఆ మాటనడం నేను అల్లినవి. అతనికి స్పృహ రానేలేదు. ఆ అమ్మాయి పదకొండుసార్లు చేసినా అవతల ఎవరూ ఎత్తలేదు. "ప్రాణం పోతుంటే ఫోనైనా ఎత్తడా, ఏం మనిషి బాబాయ్ వాడు?" అని ఆ ఇల్లాలు తిట్టింది. నేనూ వంత పాడాను.

మర్నాడు అతని ఇస్త్రీ బడ్డీ తలుపు తీశాం. కాలరు మడత ఒక్కటి మిగిలిన తెల్లకోటు బల్లమీదే ఉంది, చుక్కైనా పడలేదు. దాని పక్కన ఫోను, బ్లడ్‌బ్యాంకు నుంచి వచ్చిన పదకొండు పిలుపులతో.