విలోబ్రిడ్జ్ ఉత్తరం

అప్పలనరసింహానికి ఇంగ్లండు నుంచి ఉత్తరం వచ్చేసరికి ఆయనకి పక్షవాతం వచ్చి ఇరవై మూడు రోజులైంది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. ఒక్క మాట మాత్రం మిగిలింది, "అదే" అని. ఆకలేసినా అదే, దాహమేసినా అదే, కోపం వచ్చినా అదే. ఏ "అదే"కి ఏమిటర్థమో పోల్చుకోవడమే భార్య వెంకటరత్నమ్మకి పొద్దస్తమానం పని.

అది 1978 డిసెంబరు. పోస్ట్‌మేన్ మత్స్యలింగం కవరు చేతిలో పెడుతూ, "ఎక్కడెక్కడో తిరిగొచ్చిందమ్మా ఇది. అడ్రసు సూడండి. వైజాగపటం జిల్లా, మద్రాసు ప్రెసిడెన్సీ అట! ఇప్పుడేటి ప్రెసిడెన్సీ? మద్రాసోళ్ళు అట్టీపెట్టుకున్నట్టున్నారు కొన్నాళ్ళు. జూలైలో ఏసిన ఉత్తరం" అన్నాడు.

వెంకటరత్నమ్మ వేళ్ళమీద లెక్కపెట్టింది. జూలైలో ఆయన లేత్ షాపులో నిలబడి చెరకు గానుగలకి ఇరుసులు తిప్పుతున్నాడు. నవంబరు దాకా ఆ నోటికి అడ్డూ ఆపూ లేదు.

కవరు పట్టుకెళ్ళి మంచం దగ్గర చూపించింది. ఆయన ఎడంచేత్తో అందుకుని, రాణి బొమ్మ ఉన్న స్టాంపు మీద బొటనవేలు పెట్టి చాలాసేపు చూశాడు. లోపలి కాగితాలు విప్పి కళ్ళకెదురుగా పెడితే మాత్రం చూపు అక్షరాల మీద నిలవలేదు. జబ్బు చదువుని కూడా పట్టుకుపోయింది. ఆమెకి తెలుగు తప్ప రాదు. తల మీద కొంగు సర్దుకుని, రెండు వీధుల అవతలున్న యాజులు మాస్టారింటికి బయల్దేరింది.

యుద్ధం రోజుల్లో అప్పలనరసింహం విశాఖపట్నంలో మెషీన్ల పని నేర్చుకుంటున్న ఇరవై ఏళ్ళ కుర్రాడు. ఇండియా కుర్రాళ్ళని ఇంగ్లండు తీసుకెళ్ళి, అక్కడి ఫ్యాక్టరీల్లో పని నేర్పి వెనక్కి పంపే ఒక స్కీము ఉండేది. అందులో ఆయన పేరు వచ్చింది. బొంబాయిలో ఓడ ఎక్కి వెళ్ళి విలోబ్రిడ్జ్ అనే చిన్న ఊళ్ళో పదినెలలున్నాడు. ఏటి ఒడ్డున తొమ్మిది ఇళ్ళ వరస, మిల్ రో అంటారు. అందులో ప్లమర్ అనే ఆవిడ ఇంట్లో మేడమీద గది. తిరిగొచ్చి నర్సీపట్నంలో లేత్ పెట్టుకున్నాక ముప్పై ఏళ్ళపాటు ఆ పదినెలలే చెప్పాడు. ఉడకబెట్టిన బంగాళాదుంపల్లో ఆవపిండి కలుపుకుని ఏడుస్తూ తినడం, పొగమంచులో దారి తప్పి పక్కింట్లోకి వెళ్ళి కోటు విప్పేయడం, మొదటి ఇంటి చెప్పులాయన, ఎవరింట్లోనో కుందేళ్ళు. వినేవాళ్ళు విన్నారు, నవ్వేవాళ్ళు నవ్వారు. ఊరు ఆయనకి సీమ నరసింహం అని పేరు పెట్టింది. అందరికంటే ఎక్కువ విన్నదీ, అందరికంటే తక్కువ చెవినెట్టిందీ వెంకటరత్నమ్మే. "మళ్ళీ మొదలెట్టేరా మీ ఇల్లూబ్రిడ్జీ పురాణం" అని లేచిపోయేది.

యాజులు మాస్టారు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. వరండాలో కూర్చుని కళ్ళజోడు పెట్టుకుని, ఉత్తరం ఒకసారి తనలో చదువుకుని, రెండోసారి తెలుగులో చెప్పాడు.

రాసింది ప్లమర్ గారి కూతురు డోరతీ. మిల్ రో ఇళ్ళు పదేళ్ళ క్రితం పడగొట్టేశారట. ఊళ్ళో కొందరు కలిసి ఊరి చరిత్ర పుస్తకం వేస్తున్నారట. ఏ గుమ్మంలో ఎవరుండేవారో చెప్పడానికి పాతవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు. డోరతీకి అప్పుడు ఎనిమిదేళ్ళు, బాంబుల భయంతో ఆమెని దూరపు పల్లెకి పంపేశారు. అమ్మ పెట్టెలో ఆయన పంపిన పాత క్రిస్మస్ కార్డు మీద ఈ అడ్రసు దొరికింది. తొమ్మిది ఇళ్ళ గురించి మీకు గుర్తున్నది రాయండి, ఎంత చిన్న విషయమైనా సరే అని అడిగింది.

"ఇంకోటుందమ్మా చివర్న" అన్నాడు మాస్టారు. గొంతు తగ్గింది. "మా అన్న ఆర్థర్ పోయిన పొద్దున మీరు వాడి పక్కనే నడుస్తున్నారు. మీరు దెబ్బలు తగిలి ఆస్పత్రిలో ఉంటే మా అమ్మ వచ్చి మిమ్మల్ని అడిగింది, వాడు ఆఖర్న ఏమన్నాడని. చెప్తానమ్మా, ఇవాళ కాదు అన్నారట మీరు. తరవాత మీ ఓడ వచ్చేసింది. అమ్మ చాలా ఏళ్ళు మీ ఉత్తరం కోసం చూసింది. 1971లో పోయింది. మిమ్మల్ని తప్పుపట్టడానికి రాయడం లేదు. వాడి గురించి తెలిసినవాళ్ళు ఈ భూమ్మీద మీరొక్కరే ఉన్నారు, అందుకని అడుగుతున్నాను."

వెంకటరత్నమ్మ తెల్లబోయింది. "ఆర్థరా? ఆర్థరెవరు మేస్టారూ? చెప్పులాయన పేరు తెలుసును నాకు, ఆయన కుక్క పేరు తెలుసును. ఈ పేరు నానెప్పుడూ ఇన్లేదు."

"ఎలా పోయాడో కూడా రాసిందమ్మా. ఆ రోజుల్లో మనిషి లేకుండా వచ్చే విమానం బాంబులుండేవి. మోటారు మోతతో వస్తాయి. ఆ మోత ఉన్నంతసేపూ భయం లేదు. ఆగిందంటే మీద పడుతున్నట్టు. ఫ్యాక్టరీకి నడిచెళ్తుంటే పడిందట."

ఆమెకి పాత సంగతొకటి గుర్తొచ్చింది. పొలాల్లో ఆయిలింజను బాగుచేయడానికి వెళ్ళినప్పుడు, నడుస్తున్న ఇంజను టక్కున ఆగిపోతే ఆయన ఉన్నచోట ఉన్నట్టే బిగుసుకుపోయేవాడు. పిలిస్తే పలికేవాడు కాదు. కాసేపటికి చెమట తుడుచుకుని మామూలు మనిషయ్యేవాడు. గాలి సోకిందేమోనని ఆమె ఒకసారి తాయెత్తు కూడా కట్టించింది. ఆయన కట్టించుకున్నాడు, ఎందుకలా అవుతోందో మాత్రం చెప్పలేదు.

మర్నాడు మాస్టారే ఇంటికొచ్చి మంచం పక్కన పీట వేసుకుని ఉత్తరం చదివాడు. తొమ్మిది ఇళ్ళనేసరికి అప్పలనరసింహం మొహం విప్పారింది. "అదే, అదే" అంటూ ఎడంచెయ్యి గాల్లో తిప్పాడు. ఆర్థర్ పేరు వినబడగానే ఆ చెయ్యి ఆగింది. కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. ఆమె తుడవబోతే చెయ్యి తోసేశాడు. మాస్టారి చొక్కా పట్టుకుని దగ్గరికి లాక్కుని, పెదాలు అటూ ఇటూ తిప్పి, గొంతులోంచి ఏదో పైకి తెద్దామని గింజుకున్నాడు. వచ్చింది మళ్ళీ ఆ ఒక్క మాటే.

ముందు ఇళ్ళతో మొదలెట్టారు. ఆమె జ్ఞాపకాలు తవ్వి చెబుతుంటే మాస్టారు రాసేవాడు. మొదటింట్లో చెప్పులు కుట్టే ఒంటికన్నాయన. మూడోది ప్లమర్ గారిది. రోజూ సాయంత్రం కిటికీ తీసి పాడే ముసలావిడ ఒకరు. చర్చిలో గంట కొట్టే ఆయన ఒకరు. కుందేళ్ళవాళ్ళు. ఎవరిది ఏ గుమ్మమో మాత్రం ఆమెకి రాదు.

"కుందేళ్ళు రెండో ఇల్లాండీ?" అని అడిగేది. ఆయన కాదన్నట్టు మంచం కోడు మీద కొట్టేవాడు. "నాలుగా?" మళ్ళీ కొట్టేవాడు. "అయిదా?" అంటే ఊరుకునేవాడు. ఊరుకోవడం అంటే అవుననో, అలిసిపోయాడో తెలిసేది కాదు. మర్నాడు అదే ప్రశ్న అడిగితే అయిదుకీ కొట్టేవాడు. విశాఖపట్నంలో డాక్టరు ముందే చెప్పాడు, ఈ జబ్బులో అవునూ కాదూ కూడా తారుమారవుతాయని. మాట రావచ్చు, రాకపోవచ్చు, వస్తే ఆరు నెలల్లో రావాలని కూడా చెప్పాడు.

ఆర్థర్ సంగతికి మాస్టారు పలక తెచ్చాడు. ఇంగ్లీషు అక్షరాలన్నీ రాసి వేలు పెట్టి చూపించమన్నాడు. వేలు ఒక అక్షరం మీద వాలుతుంది, వణుకుతుంది, పక్కదాని మీదికి జారుతుంది. వారం రోజులు కూర్చున్నారు. మాట కూడలేదు. పలకా బలపం చేతికిస్తే పైనుంచి కిందికి ఒక గీత గీశాడు, దాని పక్కన ఇంకో గీత.

"ఇద్దరు మనుషులా?" అంది వెంకటరత్నమ్మ. "మీరూ, ఆ ఆర్థరూనా?"

"అదే!"

"తరవాతేటైంది?"

బలపం మళ్ళీ ఆనించాడు. చెయ్యి సహకరించలేదు, గీతల మీద గీతలు పడి పలకంతా తెల్లబడిపోయింది. చూసుకున్నాడు. చూసుకుని, పలకెత్తి గోడకేసి కొట్టాడు. ముక్కలు ఏరుతున్నప్పుడు ఆమెకి ఒకటి తట్టి అలాగే చతికిలబడింది.

పెళ్ళైన అయిదారేళ్ళకి కాబోలు, వరాహ నది పొంగి ఏటికొప్పాక దారి మూసేసిన ఏడాది. ముసురు పట్టి షాపు లేదు, ఆయన ఇంట్లోనే ఉన్నాడు. పొయ్యి ముందు వచ్చి కూర్చుని, "రత్నం, ఒక మనిషి సంగతి నీకు సెప్పాల" అన్నాడు. మామూలుగా సీమ కబుర్లు చెప్పే గొంతు కాదది. ఆమె తడికట్టెలతో సతమతమవుతోంది, కళ్ళనిండా పొగ. "మీ సీమ మనుషులు ఎక్కడికీ పోరులెండి, అన్నం దిగనివ్వండి ముందు" అంది. ఆయన కాసేపు కూర్చుని లేచి వెళ్ళిపోయాడు. అన్నం దిగింది, తిన్నారు. ఆమె అడగలేదు. ఆయన చెప్పలేదు.

ఆ సంగతి మాస్టారికి చెప్పి వలవల ఏడ్చింది. "నాను ఇని ఉంటే ఈయేళ నా నోటితో సెప్పీదాన్ని కదండీ. ఆయన నోరు పోతే నా నోరుండేది."

"నీకేం తెలుసమ్మా" అన్నాడు మాస్టారు. 

సంక్రాంతి వెళ్ళిపోయింది. జవాబు ఎన్నాళ్ళని ఆపడం? ఒక మధ్యాహ్నం మాస్టారు కాగితాలు సర్దుకుని, నెమ్మదిగా, "ఒక పని చేద్దామమ్మా. ఆ అమ్మాయికి కావలసింది ఒక్క మాట. అమ్మ జాగ్రత్త అన్నాడని రాసేస్తాను. చనిపోయేవాడు ఎవడైనా అదే కదా అనేది. ఆ పిల్ల మనసు చల్లబడుతుంది. ఎవరికి నష్టం?" అన్నాడు.

వెంకటరత్నమ్మకి ఆ మాట నచ్చింది. రాసేయమందామని నోరు తెరిచింది. మంచం మీద చప్పుడైంది. అప్పలనరసింహం ఎడం మోచేతి మీద సగం లేచి కూర్చున్నాడు. మెడ నరాలు పొంగాయి. "అదే! అదే! అదే!" అని అరుస్తున్నాడు. ఆర్థర్ సరిగ్గా అదే అన్నాడు, రాయండి అంటున్నాడో, అలా రాస్తే ఊరుకోను అంటున్నాడో! మాస్టారు ఆమె వంక చూశాడు. ఆమె మొగుడి వంక చూసింది. 

"వొద్దు మేస్టారూ" అంది చివరికి. "ఆయన దాసుకున్న మాట ఆయనదే. దాని బదులు మన మాట ఎట్టకూడదు. ఉన్నదున్నట్టు రాసీయండి. ఆయనకి జబ్బు సేసిందనీ, లోపలంతా ఉన్నాదనీ, బయటికి రావట్లేదనీ రాయండి. మీ అన్న పేరు సెబితే ఏడుస్తున్నారని రాయండి. నాను ఇన్లేదని కూడా రాయండి."

మాస్టారు అలాగే రాశాడు. మాట వస్తుందేమోనని ఇంకో నాలుగు నెలలు చూశారు. రాలేదు. ఆరు నెలలూ దాటిపోయాయి. మే నెలలో ఉత్తరం పోస్టు చేశారు.

పుస్తకం 1980 చలికాలంలో వచ్చింది. అట్ట మీద ఏరు, ఏటి మీద వంతెన. లోపల మిల్ రో ఫోటో ఒక పేజీ నిండా, దాని కింద వరసగా తొమ్మిది గుమ్మాల పేర్లు. నర్సీపట్నం, ఇండియా, అప్పలనరసింహం గారి భార్య చెప్పినది అని అచ్చయింది. అయిదు గుమ్మాలకి మనుషులున్నారు, అందులో మూడింటి పక్కన బహుశా అని ఉంది. నాలుగింటికి తెలియదు అని ఉంది. డోరతీ చిన్న ఉత్తరం పెట్టింది. మీరు నిజం రాసినందుకు కృతజ్ఞతలు, ఇంక ఆయన్ని శ్రమ పెట్టకండి, మా అన్న కోసం ఏడ్చే మనిషి ఇంకొకరున్నారని తెలియడమే నాకు చాలు అని.

మాస్టారు అది చదివి వినిపించి వెళ్ళిపోయాడు. వెంకటరత్నమ్మ ఆయన్ని గోడకి ఆనించి కూర్చోబెట్టి, ఒళ్ళో ఫోటో పేజీ తెరిచి పెట్టింది. ఆయన మొదటి గుమ్మం మీద వేలు పెట్టాడు. "అదే" అన్నాడు. రెండో గుమ్మం. "అదే." ఒక్కో గుమ్మం దగ్గర ఒక్కో గొంతు. ఒకచోట చిన్నగా నవ్వాడు, ఒకచోట గొంతు తగ్గించి ఎవరో వింటారన్నట్టు చెప్పాడు. నాలుగు తెలియని గుమ్మాలూ ఆయనకి తెలుసు. తొమ్మిదీ అయ్యాక వేలు మూడో ఇంటికి వెనక్కొచ్చింది. అక్కణ్ణుంచి బయటికి, రోడ్డు మీదికి, ఫోటో అంచు దాకా నడిచింది. "అదే, అదే, అదే" అని ఇద్దరు మనుషులు మాట్లాడుకుంటున్నట్టు చెబుతున్నాడు. ఒకడు జోకు వేసినట్టు, రెండోవాడు నవ్వినట్టు. తరవాత చటుక్కున ఆపాడు. తలెత్తి పైకప్పు వంక చూశాడు. అలా చాలాసేపు చూశాడు. ఆ తరవాత ఒక్కసారి, చాలా మెల్లిగా, ఎవరో తనతో అన్న మాట తిరిగి చెబుతున్నట్టు, "అదే" అన్నాడు.

ఆమె వంక చూశాడు, అర్థమైందా అన్నట్టు.

"ఊఁ" అంది వెంకటరత్నమ్మ.  ఆయన కళ్ళు మూసుకుని దిండుకి జారగిలబడ్డాడు, భారం దించుకున్న మనిషిలా. ఆమె పుస్తకం ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది. అంతా చెప్పేశాడు. అందులో ఒక్క ముక్కా ఆమెకి తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే మాస్టారింటికెళ్ళి, డోరతీకి ఇంకో ఉత్తరం రాయాలంది.

"ఏమని రాయమంటావమ్మా?"

 ఆమె వరండా స్తంభాన్ని పట్టుకుని నిలబడే ఉంది. మాస్టారు కలం మూత తీసి పట్టుకున్నాడు.

"సెప్పేరని రాయండి" అంది. "నిన్న సెప్పేరు. నాకే తెలీలేదని రాయండి."