తొమ్మిదో సంతకం

గురువారం మధ్యాహ్నం పన్నెండు దాటేసరికి రావియా చేతిలోని కాగితంలో ఏడు గళ్ళు నిండాయి. ఇంకా రెండున్నాయి. మందుల గదిలో ముద్ర దొరికింది గాని సిరా అట్ట ఎండిపోయింది. దాని మీద నాలుగు చుక్కల నీళ్ళు పోసి, అరిచేత్తో రుద్ది, ముద్ర వేయించుకుంది. ఆ ఆసుపత్రిలో గ్రంథాలయమన్నది ఎన్నడూ లేదు. అయినా గ్రంథాలయం గడిలో "బాకీ లేదు" అని రాయడానికి ఒక గుమాస్తా ఉన్నాడు. అతను టీ తాగి, కళ్ళజోడు తుడుచుకుని, ఆమె పేరు రెండుసార్లు తప్పు రాసి, మూడోసారి దిద్ది సంతకం చేశాడు.

ఆ విడుదల కాగితం లేనిదే సర్కారు మనిషి ఊరు కదలడానికి లేదు. ఆదివారం ఉదయానికి అది అలెగ్జాండ్రియాలోని నర్సింగు కళాశాల ఆఫీసులో ఉండాలి. పురిటి బిడ్డల సంరక్షణలో రెండేళ్ళ పై చదువు. జిల్లా మొత్తానికి ఒక్క సీటు, అది ఆమెకి వచ్చింది. రైలు సాయంత్రం ఏడింటికి. ఇంట్లో పెట్టెకి నాన్న పొద్దున్నే తాడు బిగించేశాడు. రేపూ ఎల్లుండీ ఆఫీసులకి సెలవు.

లాండ్రీ మనిషి నమాజు నుంచి ఇంకా రాలేదు. అతని కోసం వెనక వసారాలోకి వెళ్ళిన రావియాకి బెంచీ మీద సబాహ్ కనిపించింది. సబాహ్ నల్ల ముసుగు కొంగుతో పొట్ట కప్పుకుని, ఒళ్ళో గుడ్డ మూట పెట్టుకుని కూర్చుంది. ఆరో నెల.

"నీ కోసమే చూస్తున్నా, మిస్," అంది సబాహ్ లేవబోతూ. "ఇయ్యాల పోతున్నావంటగా. మీ నాన్న చెప్పాడు, బజార్లో."

"కూర్చో, కూర్చో. పరీక్షకొచ్చావా?"

"పరీక్ష పొద్దున్నే అయిపోయింది. చీటీ కోసం కూర్చున్నా. ఇదిగో, దారిలోకి." మూట విప్పింది. ఎండలో పొంగించి కాల్చిన రొట్టెలు మూడు, ఇంకా వెచ్చగా ఉన్నాయి. "రైల్లో అమ్మేది తినబాక. కడుపు చెడుద్ది. పట్నం పోయేదానివి, తొలి రోజే దొడ్డికి పరిగెత్తితే అక్కడోళ్ళు నవ్వరూ?"

రావియా నవ్వింది.

"తిరిగొస్తావు గందా?" అంది సబాహ్. "మా అత్త అంటది, పట్నం నీళ్ళు తాగినోళ్ళు మళ్ళీ ఈ కాలవ నీళ్ళు తాగరని. నేనేమో కాదన్నా. నాకు తెలుసు నీ సంగతి. ఆ దుమ్ములో పరిగెత్తుకుంటా వచ్చింది నువ్వొక్కదానివే. కళ్ళు కూడా తెరవలేకపోతున్నావు, మొహమంతా మన్నే. నేను చూశా." ఆమె గొంతు తగ్గింది. "ఆ రెండో పిల్ల లోపల ఏం చేసిందో ఏమో, దేవుడికే తెలియాల. నువ్వే ఉండుంటే వాడు దక్కేవాడు."

రొట్టెల మూట ఆమె చేతుల్లో ఉంది. తెల్లకోటు జేబులో ఎర్ర దారం కట్టిన చిన్న ఇత్తడి తాళంచెవి ఉంది. ఏడు నెలలుగా అది తొడకి తగులుతూనే ఉంది.

"వాడికి పేరు కూడా పెట్టలా," అంది సబాహ్. "అద్దాల పెట్టె మీద నా పేరే రాశారు. సబాహ్ బిడ్డ. అంతే."

* * *

ఆ రోజు ఫిబ్రవరి పదకొండు, అమ్షీర్ నెల దుమ్ము గాలుల కాలం. రెండింటికి రావియా డ్యూటీ అయింది. తరవాతి డ్యూటీకి వచ్చిన నర్సు దిమియానాకి వార్డులోని నలుగురు బిడ్డల్నీ చూపించి, పాల లెక్క చెప్పి, మూల ఇనప బీరువాకి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుంది. తాళం వేయడం చేతులు తుడుచుకోవడం లాంటిది. చేసినట్టు కూడా తెలియదు.

ఆ బీరువాలో ఉన్నవన్నీ రావియా పేరు మీద ఉన్నాయి. అదక్కడి పద్ధతి. సర్కారు వస్తువు ప్రతిదీ అప్పగింత పుస్తకంలో ఎవరో ఒకరి పేరున ఉంటుంది. పోయినా, విరిగినా వాళ్ళ జీతంలో కోస్తారు. రెండు ధర్మామీటర్లు, పసిబిడ్డల తూకం, మూడు కత్తెరలు, ఆక్సిజన్ సిలిండరు మెడకి బిగించే మీటరు. అది లేనిదే సిలిండరులోని గాలి బిడ్డకి పట్టడానికి లేదు. ఆ మీటరు ఖరీదు పందొమ్మిది వందల పౌండ్లు, ఆమె జీతం నాలుగు వేల రెండు వందలు. రెండేళ్ళ కిందట పాత మీటరు మాయమైంది. ఎవరి సొంత క్లినిక్కులో తేలిందో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు. అయిదు నెలల పాటు దాని సొమ్ము రావియా కట్టింది. ఆ తరవాతే ఆసుపత్రి ఉపసంచాలకుడు ఉత్తర్వు పంపాడు: ఎవరి పేరున ఉన్నది వాళ్ళు తాళంలో పెట్టుకోవాలి, తాళంచెవి వాళ్ళ దగ్గరే ఉండాలి. ఆ ఉత్తర్వు చదివి రావియా సంతోషించింది కూడా.

ఇంటికి పోయే మైక్రోబస్సు కాలవ వంతెన దగ్గర ఆగిపోయింది. ముందు అద్దంలోంచి దుమ్ము తప్ప ఏమీ కనబడటం లేదు. గాలి హోరు. సంచీ అడుగున ఫోను మోగుతూనే ఉంది. తీసి చూసేసరికి పదకొండు పిలుపులు, అన్నీ దిమియానావే. రావియా దిగి పరిగెత్తింది. ముసుగు మొహానికి చుట్టుకుని, గోడలు తడుముకుంటూ ఇరవై అయిదు నిమిషాలు.

గోడ గొట్టంలోంచి ఆక్సిజన్ రావడం ఆగిపోయింది. పక్కనే నిలువెత్తు సిలిండరు నిండుగా ఉంది. దాని మీటరు మాత్రం తాళం వేసిన బీరువాలో ఉంది. బీరువా గొళ్ళెంలో కత్తెర దూర్చి పెకలించబోతే కత్తెర విరిగిందట. ఆ ముక్కలు నేల మీద పడి ఉన్నాయి. దిమియానా రెండు చేతులతో రబ్బరు సంచీ నొక్కుతూ ఊపిరి పోస్తోంది. ముగ్గురు బిడ్డలు తట్టుకున్నారు. నాలుగోవాడు తట్టుకోలేదు.

కాగితం మీద "నెలలు నిండలేదు, బరువు తక్కువ" అని రాశారు. అది అబద్ధమేమీ కాదు. విరిగిన కత్తెరకి దిమియానా జీతంలో ఎనభై అయిదు పౌండ్లు కోశారు.

రావియాకి గుర్తుండిపోయింది వేరే. ఆక్సిజన్ గొట్టానికి నీళ్ళ సీసా ఒకటి ఉంటుంది, గాలి అందులోంచి బుడబుడమంటూ పోతుంది. ఆ వార్డులో రాత్రీ పగలూ అదే చప్పుడు. ఆ రోజు ఆమె తలుపు తోసుకుని వెళ్ళేసరికి ఆ చప్పుడు లేదు. అప్పటి నుంచి ఇంట్లో నాన్న హుక్కా తాగుతూ ఊపిరి తీసుకోవడానికి ఒక్క క్షణం ఆగితే చాలు, ఆమె చేతిలో గిన్నె జారిపోతుంది. "ఏందే, దయ్యాన్ని చూసినట్టు చూస్తావు?" అంటాడు ఆయన. "తాగు నాన్నా, ఆపకు," అంటుంది. తండ్రి పొగ మానాలని పోరే కూతుళ్ళున్న వీధిలో ఇదో వింతయి కూర్చుంది.

* * *

లాండ్రీ సంతకం ఒంటిగంటకి దొరికింది. తొమ్మిదోది సామాన్ల గది.

అబ్దుల్‌మవ్లా ఆ గదిలో ముప్ఫై ఏళ్ళుగా ఉన్నాడు. పుస్తకం తెరిచి, ఒక్కో వరసకీ వేలు పెట్టి చదివాడు. "ధర్మామీటర్లు రెండు... ఉన్నాయి. తూకం... ఉంది. కత్తెరలు రెండు, విరిగింది ఒకటి. మా మనవరాలు మొన్న నీ గురించే అడిగింది తల్లీ, తను కూడా నర్సు చదువే చదువుద్దంట. వద్దే, కాళ్ళు పోతాయన్నా. ఇంటేగా! ఆ, ఇక్కడ సంతకం." ముద్ర తీసి నోటి దగ్గర పెట్టుకుని హా అని ఆవిరి పట్టాడు.

రావియా కలం అందుకుని వంగింది. మీటరు వరసలో అప్పుడే రాసేసి ఉంది, కొత్త సిరాతో. *ఫిబ్రవరి తొమ్మిదిన నర్సు దిమియానాకు అప్పగించడమైనది.* పక్కన తన సంతకానికి ఖాళీ.

"ఇదేంది బాబాయ్? నేనెప్పుడు అప్పగించా?"

అబ్దుల్‌మవ్లా తల ఎత్తలేదు. "నేను రాసేవాణ్ణే గాని రాయించేవాణ్ణి కాదు తల్లీ."

గుమ్మంలో హజ్జా తౌహీదా నిలబడి ఉంది. నర్సులందరికీ పెద్ద. రావియాకి సూది పట్టుకోవడం నేర్పిన చెయ్యి ఆమెదే. నరాలు ఉబ్బిన కాళ్ళతో మెల్లగా వచ్చి, బియ్యం బస్తా మీద కూర్చున్నట్టు దుప్పట్ల కట్ట మీద కూర్చుంది.

"వచ్చే నెల పైనించి తనిఖీ వస్తోంది," అంది. "ఆ రోజు మీటరు ఎక్కడుందని అడుగుతారు. బీరువాలో అంటే తాళంచెవి ఏదంటారు. తాళంచెవి ఇంటికెందుకు పోయిందంటే ఉత్తర్వు బయటికొస్తుంది. ఉత్తర్వు ఎవరిదో నీకు తెలుసు. ఆయన ఊరుకుంటాడా? నీ సీటు ఉంటుందా?"

"అందుకని దిమియానా పేరు మీద రాస్తారా?"

"ఆ పిల్లకేం కాదే. కాంట్రాక్టు మనిషి. మహా అయితే..."

"మహా అయితే?"

"అక్టోబర్లో మళ్ళీ తీసుకోరు. పెళ్ళి చేసుకుంటుంది. నీలాగా దానికేం చదువుల పిచ్చి లేదు."

"నాకు పదకొండుసార్లు ఫోన్ చేసింది, హజ్జా."

"పుస్తకంలో ఫోన్లుండవు." తౌహీదా చున్నీ కొసతో మొహం తుడుచుకుంది. "చూడు, మీ నాన్న చెరుకు నరికీ నరికీ నడుం పోగొట్టుకుని నిన్ను ఇంతదాన్ని చేశాడు. నేను చేరేటప్పటికి పై చదువన్న మాటే మాకు తెలియదు. నువ్వు పోయి నేర్చుకుని రా. ఒక్కడు పోయాడు, నిజమే. నువ్వు నేర్చుకొచ్చి వందమందిని బతికించు. దేవుడి దగ్గర లెక్క సరిపోతుంది."

ఏడు నెలలుగా రావియా తనకి తాను చెప్పుకుంటున్న మాట అదే. అచ్చం అవే మాటలు. రాత్రిళ్ళు అలెగ్జాండ్రియా దరఖాస్తు నింపుతూ చెప్పుకుంది, సీటు వచ్చిన రోజు చెప్పుకుంది. ఇంకొకరి నోట విన్నాక దాని రుచి తెలిసింది.

"ఆ రోజు సాయంత్రం నేను మీ దగ్గరకొచ్చా," అంది నెమ్మదిగా. "తాళంచెవి నా జేబులో ఉండిపోయిందని చెప్పా. ఏ తాళంచెవి అన్నారు మీరు."

"నీ మంచి కోరే అన్నా."

"అవును. నేనూ నా మంచి కోరే ఊరుకున్నా."

ఆమె వంగి, ఖాళీ వదిలేసి, ఆ వరస కింద రాసింది. తొందరపడకుండా, గ్రంథాలయం గుమాస్తా కూడా తప్పు చదవలేనట్టుగా రాసింది: *మీటరు ఎవరికీ అప్పగించలేదు. ఫిబ్రవరి పదకొండున రెండింటి నుంచి బీరువా తాళంచెవి నా దగ్గరే ఉంది. దిమియానా దగ్గర లేదు.* కింద పేరు పెట్టింది.

"అయ్యో తల్లీ, పుస్తకం పాడు చేశావే!" అన్నాడు అబ్దుల్‌మవ్లా. "కొట్టివేతలుండకూడదు దీంట్లో."

"కొట్టెయ్యలేదు బాబాయ్. కింద రాశా."

అతను తౌహీదా వంక చూశాడు. తౌహీదా నేల వంక చూస్తోంది. ఆవిరి పట్టిన ముద్రని అతను గుడ్డతో తుడిచి, సొరుగులో పెట్టి, సొరుగు మూశాడు. తొమ్మిదో గడి తెల్లగా ఉండిపోయింది.

"రైలు ఏడింటికి గదా," అంది తౌహీదా. ఆమె గొంతులో కోపం లేదు. "ఆరింటిదాకా నేనిక్కడే ఉంటా. ఆలోచించుకో."

* * *

వార్డులో దిమియానా ఒక బిడ్డకి చుక్కచుక్కగా పాలు పడుతోంది. రావియాని చూసి గొంతు తగ్గించి, "రా రా, పట్నం దొరసానీ! చేపలు తిని తిని మమ్మల్ని మర్చిపోతావు, చూడు," అంది. "నాకేం తెస్తావక్కా? ఉత్త గవ్వలు తేబాక, అందరూ గవ్వలే తెస్తారు."

రావియా బీరువా తెరిచింది. మీటరు తీసుకుని, మూల నిలబెట్టిన సిలిండరు మెడకి తొడిగి, మర బిగించింది. సీసాలో నీళ్ళు పోసి తగిలించి, పిడి తిప్పింది. బుడబుడమంది. నాలుగు క్షణాలు విని కట్టేసింది. తాళంకప్పనీ తాళంచెవినీ తీసి, రొట్టెల మూట పక్కన తన సంచీలో వేసుకుంది.

"అక్కా, అట్టా పైకి వదిలేస్తే ఎవరన్నా ఎత్తుకుపోరూ?"

"పోతే నా జీతంలో కోస్తారు. ఇంకా నా పేరునే ఉంది."

"అదేంది, అప్పగించలా? మరి కాగితం? రైలు?"

రావియా గోడకి ఆనుకుంది. "నీకొక మాట చెప్పాల దిమియానా. ఏడు నెలల కిందట చెప్పాల్సింది. ఆ రోజు తాళంచెవి..."

"నీ జేబులో ఉంది," అంది దిమియానా, బిడ్డ మూతి తుడుస్తూ. "తెలుసు. తెలుసు గనకే ఫోను నీకు చేశా, ఇంకెవరికీ చెయ్యలా."

బిడ్డని భుజాన వేసుకుని వీపు నిమరసాగింది. అది త్రేన్చేదాకా రావియా పక్కనే నిలబడింది.

గడియారం రెండు చూపిస్తోంది. బయట మైక్రోబస్సు హారన్ కొడుతోంది. రావియా తలుపు తీసుకుని వసారాలోకి వచ్చింది. వెనక వార్డులో గోడ గొట్టం సీసా బుడబుడమంటూనే ఉంది. ఆ చప్పుడు వసారా దాకా ఆమె వెంటే వచ్చింది.

సబాహ్ ఇంకా బెంచీ మీదే ఉంది, చీటీ రాలేదు.

"ఇంకా పోలా?" అంది నవ్వుతూ. "బండి పోతోంది చూడు."

"పోనీ," అంది రావియా. "సబాహ్, నీతో మాట్లాడాల. ఆ రోజు సంగతి."

సబాహ్ నవ్వు మొహం మీదే ఉంది. ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకుని, రెండో చేత్తో బెంచీ మీది దుమ్ము తుడిచి, పక్కకి జరిగి ఆమెకి చోటిచ్చింది.