నోట్లో నానని మాట

నారిన్ పట్టణంలో ఆటగాళ్ల మనసుకు కసరత్తు చేయించే మనిషి నూర్జాత్ ఒక్కతే. కాళ్లకూ చేతులకూ వేరే కోచ్‌లున్నారు, వణికే గుండెకు మాత్రం ఆవిడే. బరిలోకి దిగే ముందు తలుచుకోవడానికి ఒక్కొక్కరికీ ఒక్కో మాట వెతికి పెడుతుంది. "మూడో చెవిన పడిందా, దాని పని అయిపోయినట్టే" అని అందరికీ జాగ్రత్త చెబుతుంది. చెప్పడం వరకే. ఆవిడ నోట్లో మాత్రం నువ్వుగింజ నానదు.

కుస్తీ పట్టే సిర్గా మాట 'కురుత్'. ఎండబెట్టిన పెరుగు ఉండ అది, రాయిలా ఉంటుంది, ఎంత చప్పరించినా ఓ పట్టాన కరగదు. చిన్నప్పుడు తెల్లగా, బక్కగా, ఎవరికీ లొంగకుండా ఉండేదని నాయనమ్మ పెట్టిన ముద్దుపేరు. నాయనమ్మ పోయాక అలా పిలిచేవాళ్లే లేరు.

"ఆ మాట అనుకుంటే ఆవిడ నా వెనకాలే కూచున్నట్టుంటుంది అక్కా" అని సిర్గా ఓసారి ఏడుస్తూ చెప్పింది.

చలికాలంలో ఒక బ్యాంకువాళ్లు పనిలో కంగారు పడకుండా ఉండడం ఎలాగో చెప్పమని నూర్జాత్‌ను పిలిచారు. ఆవిడ మాట్లాడుతుంటే అందరూ ఫోన్లు చూసుకుంటున్నారు. ఒకాయన బాహాటంగా ఆవలించాడు. ఆ ఆవలింతతో నూర్జాత్‌కు రోషం వచ్చింది. "మన ఊళ్లోనే ఒక కుస్తీ పిల్ల ఉంది..." అని మొదలుపెట్టి, నాయనమ్మనూ కురుత్‌నూ వాళ్ల ముందు కుప్పపోసింది. పేరు చెప్పలేదట! నారిన్‌లో కుస్తీ పట్టే ఆడపిల్లలు ఎందరున్నారని? నోరు జారుతున్నానని ఆవిడకు అప్పుడే తెలుసు. జనం ఫోన్లు దించి, నవ్వి, చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకు కక్కుర్తి పడింది.

వసంతంలో పోటీలు వచ్చాయి. మొదటి మూడు స్థానాలవాళ్లకే రాజధాని బిష్కేక్‌లో జరిగే శిక్షణ శిబిరంలో చోటు. సిర్గాకు ఆ చోటు తప్ప వేరే ధ్యాస లేదు. సెమీఫైనల్లో మ్యాట్ అంచున నిలబడి, కళ్లు మూసుకుని, పెదవులు కదిపింది.

"కురుత్!" అని ప్రేక్షకుల పై వరసల్లోంచి ఒక గొంతు. బ్యాంకు ఆయనే, ఆవలించినవాడే. చేతిలో కురుత్ సంచి ఊపుతున్నాడు. "పట్టు పట్టవే, కురుత్ పిల్లా!"

హాలంతా అందుకుంది. ఎగతాళి కాదు, పాపం, అభిమానమే. సిర్గా పెదవులు ఆగిపోయాయి. కళ్లు తెరిచి నూర్జాత్‌కేసి చూసింది. తిట్టినా బాగుండేది.

కాసేపట్లోనే ఆ పిల్ల వీపు నేలకంటింది. నూర్జాత్‌కు తల కొట్టేసినట్టయింది.

బట్టలు మార్చుకునే గదిలో సిర్గా బెంచీ మీద కూచుని ఉంది. మూడో స్థానానికి కుస్తీ ఇంకా మిగిలే ఉంది. "ఓటమి అంటే..." అని నూర్జాత్ అలవాటు కొద్దీ ఎత్తుకుంది. ఆ పాఠం అక్కడే వదిలేసింది.

"నేనే చెప్పాను సిర్గా. చప్పట్ల కోసం చెప్పాను. నీకు ముఖం చూపించడానికి సిగ్గేస్తోంది."

"మా నాయనమ్మ పేరు కూడా చెప్పారా?"

"లేదు."

"అదన్నా మిగిలింది."

"ఇంకో మాట వెతుకుదామా?"

"నేను వెతుక్కుంటాలెండి." బూట్ల తాడు బిగించుకుంటూ తలెత్తకుండానే అంది. "నేను మ్యాట్ మీదికి వెళ్లేటప్పుడు మాత్రం మీరు అటు తిరగండి అక్కా. నా పెదవులు చూడొద్దు."

జీవితంలో ఎవరూ ఆవిడను అంత మర్యాదగా చెంపదెబ్బ కొట్టలేదు.

మళ్లీ హాలు "కురుత్!" అని గోలెత్తింది. నూర్జాత్ మ్యాట్‌కు వీపు పెట్టి, గోడకేసి నిలబడింది. గోడ మీద రంగు పెచ్చులూడుతోంది. వెనకాల మనిషి కింద పడిన చప్పుడు, కేకలు, చివరికి రిఫరీ ఈల. ఎవరు గెలిచారో తెలియదు. అయినా తిరగలేదు.

ఎవరో భుజం చరిచారు. బ్యాంకు ఆయన. "గెలిచింది మన పిల్ల! ఈసారి ఏం మాటిచ్చారక్కా? మాకూ చెప్పండి!"

"నాకు తెలియదు."

"అబ్బో, ఇప్పుడు దాచడం నేర్చుకున్నారే!" అని ఆయన గట్టిగా నవ్వాడు.

మెడలో తువ్వాలుతో పక్కనుంచి వెళుతున్న సిర్గాకు ఆ మాటలు వినపడ్డాయి. ఒక్క క్షణం నిలబడింది. నూర్జాత్ తల దించుకునే, "నిజంగానే తెలియదు" అని మళ్లీ అంది.