ఒంటిగంటా, ఏడు గంటలా

ఒంటిగంటా, ఏడు గంటలా, కాదు ఎనిమిదేమో, ఆవిడ చెప్పాల్సింది చెప్పేసింది, స్పీకరులోంచి వచ్చే ఆ గొంతు ఎంత తియ్యగా ఉందో, జపాను బొమ్మల సినిమాల్లో పెద్దక్క వేషాలకి పెట్టే గొంతులాగా, రైలు ఎన్నింటికండీ అని ఒకాయన అడిగాడు, ఆవిడ చెప్పింది, నా ముందున్న కాగితం మీద నాలుగు గడియారాల బొమ్మలు, ఒకటి, నాలుగు, ఏడు, ఎనిమిది, నాలుగు కాదని తెలుసు, నాలుగంటే యోజి, అది వేరేగా ఉంటుంది, మిగిలినవి ఇచిజి, షిచిజి, హచిజి, ఈ మూడింట్లో ఏదో ఒకటి, నాకు అందింది మాత్రం చివర ఉన్న ఇజి ఒక్కటే, ముందున్న అక్షరాన్ని ఎవరో తడి వేలితో తుడిచేసినట్టుంది, ఒకసారే వినిపిస్తారు, రెండోసారి ఉండదు, అది ఈ పరీక్ష పద్ధతి, సరిగ్గా వినుంటే పసిపిల్లలు కూడా చెప్పేస్తారు, అంకెలేగా, నేను అంకెలు నేర్చుకుని రెండేళ్ళయింది.

చుట్టూ ఉన్నవాళ్ళంతా మా అమ్మాయి ఈడు వాళ్ళు, నలభై తొమ్మిదేళ్ళ లిఫ్టు మెకానిక్కుని, గోళ్ళ సందుల్లో గ్రీజు మరకలు పోనివాణ్ణి, నన్నెవరు రమ్మన్నారిక్కడికి, జపానుకి వెళ్ళేది లేదు, ఉద్యోగం వచ్చేది లేదు, ఉత్త సరదా, మా అమ్మాయి పదో క్లాసులో ఆ బొమ్మల సినిమాలు చూస్తుంటే పక్కన టీ గ్లాసుతో కూర్చునేవాణ్ణి, అది కొన్నాళ్ళకి వాటిని వదిలేసి ఇంకో పిచ్చిలో పడింది, నాకు మాత్రం అంటుకుంది, ఫోనులో పాఠాలు ఆరువందల రోజులు ఒక్కరోజు తప్పకుండా చేశాను, అట్టముక్కలు కత్తిరించి ఒకవైపు జపాను మాట, ఇంకోవైపు తెలుగు అర్థం రాసి, మూలన చిల్లి పొడిచి తాడు కట్టి జేబులో వేసుకున్నాను, మేడల మీద మోటారు గదుల్లో ఖాళీ దొరికితే అవే తిప్పుకుంటూ ఉంటాను, పనివాళ్ళంతా నన్ను జపాను అనే పిలుస్తారు, ఒరే జపాను స్పానరందుకో అని, మా ఆవిడైతే గళ్ళ పుస్తకంలో అక్షరాలు దిద్దుతుంటే వచ్చి చూసి, పలకా బలపం కూడా కొనిపెట్టనా, మెళ్ళో నీళ్ళ సీసా వేసి పంపనా అంది, రాతపరీక్షలో మాత్రం ఇందాక ఒక్కటీ వదల్లేదు, అన్నీ చేశాను, పక్కనున్న కళ్ళజోడు కుర్రది నావైపు గౌరవంగా చూసింది కూడా.

రెండో ప్రశ్న, ఒకామె షాపులో ఏదో కొంటోంది, నాలుగు బొమ్మలు, గొడుగు, చెప్పులు, సబ్బు, గిన్నె, మొదట ఒక అక్షరం, చివర ఒక అక్షరం, మధ్యలో గాలి, అంతే, ఇంతలో హాల్లో పెన్సిళ్ళన్నీ ఒక్కసారి కదిలాయి, ముప్పై నలభై పెన్సిళ్ళు గుండ్రాల్లో నల్లగా రుద్దుతున్నాయి, నేను తలెత్తి చూశాను, ఏదో తేడాగా అనిపించింది, ఏమిటో వెంటనే తట్టలేదు, ముందు బెంచీ పిల్లాడి మోచెయ్యి గబగబా ఊగుతోంది, కళ్ళజోడు కుర్రది నాలుక బయటపెట్టి మరీ రుద్దుతోంది, నలభై పెన్సిళ్ళు కాగితం మీద గీస్తుంటే చప్పుడేదీ, గరగరలాడాలి కదా, చిన్నప్పుడు పరీక్ష గదిలో ఆ చప్పుడుకే నాకు భయమేసేది, అందరూ రాసేస్తున్నారు నేనొక్కణ్ణే ఆగిపోయానని, ఇప్పుడు ఏమీ లేదు, దూది మీద రాస్తున్నట్టు రాస్తున్నారు.

నా పెన్సిలు తీసి కాగితం మీద గట్టిగా గీశాను, వేళ్ళకి గరుకు తెలిసింది, చెవికి ఏమీ రాలేదు, బొటనవేలూ చూపుడువేలూ ఎడమ చెవి దగ్గర పెట్టి రుద్దాను, ఏమీ లేదు, కుడి చెవి దగ్గర రుద్దాను, చాలా దూరంలో ఎవరో నడిచినట్టు ఏదో తెలిసీ తెలియకుండా, మళ్ళీ ఎడమ, ఏమీ లేదు, స్పీకరులో మగగొంతు బాగానే వస్తోంది, గుమ్మని నిండుగా వస్తోంది, అంటే చెవులు పనిచేస్తున్నాయి, లావు మోతలన్నీ వస్తున్నాయి, సన్నవే రావట్లేదు, స, ష, చ, హ, అవే రావట్లేదు, ఆ సినిమాల కింద వచ్చే అక్షరాలు తీసేసి చూడు నాన్నా, అప్పుడే నీకు భాష చెవికెక్కుతుంది అని మా అమ్మాయి ఆర్నెల్ల కిందట అంది, తీసేసి చూశాను, అందరూ నోట్లో గుడ్డలు కుక్కుకుని మాట్లాడినట్టుంది, వీళ్ళ భాషే అంతమ్మా, సగం మాటలు మింగేస్తారు అన్నాను, మింగడం లేదు నాన్నా, స్పష్టంగానే అంటున్నారు అని నన్ను వింతగా చూసింది, నేను నవ్వి అక్షరాలు మళ్ళీ పెట్టేశాను, రాని భాష కదా, వినపడకపోవడానికీ తెలియకపోవడానికీ తేడా ఎలా తెలుస్తుంది, ఇంట్లో తెలుగులో అయితే సగం మాట వింటే మిగతా సగం నేనే పూరించేసుకుంటాను, మా ఆవిడ ఏమంటుందో నాకు ఇరవై రెండేళ్ళుగా తెలుసు, ఈ రైలు ఎన్నింటికో మాత్రం ఊహించి చెప్పలేను.

నిన్న, అయ్యో, నిన్న ఉదయం.

నిన్న ఉదయం కళ్ళ డాక్టరు బిల్డింగులో, ఆరో అంతస్తు పైన మోటారు గదిలో, తాళ్ళు తిరిగే పెద్ద చక్రం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, పొడుగాటి స్క్రూడ్రైవరు మొనని బేరింగు మీద ఆనించి, పిడిని ఎడమ చెవి వెనక ఎముకకి నొక్కి పెట్టుకుని విన్నాను, ఇరవయ్యేడేళ్ళుగా అలాగే వింటున్నాను, ఎప్పుడూ ఎడమ చెవే, నాకు పని నేర్పిన మేస్త్రి అనేవాడు, మోటారు అరిస్తే కంగారు పడకు, అది ఈల వేస్తే మాత్రం ఆపేసెయ్ అని, బేరింగు లోపల గుండ్లు అరగడం మొదలైతే ముందు వచ్చేది ఆ ఈలే, సన్నగా, సూదిమొనలా, ఆ తర్వాత నెలకో రెణ్ణెల్లకో గరగర, ఆ తర్వాత ఇరుసు వేడెక్కి నల్లబడుతుంది, ఆ తర్వాతది నేను ఒక్కసారే చూశాను, వేరే కంపెనీ వాళ్ళ లిఫ్టు, ఇరుసు విరిగి చక్రం పక్కకి ఒరిగిపోయింది, దాని గురించి మేమెవరం ఎక్కువ మాట్లాడుకోం, నిన్న నాకు గుమ్మనే మోత ఒక్కటే వినిపించింది, నిండుగా, కమ్మగా, కొత్త మోటారులా, లేచి రిజిస్టరులో బేరింగు శబ్దం ఏమీ లేదు అని రాసి కింద సంతకం పెట్టాను, శబ్దం ఏమీ లేదు, నా చేత్తో రాశాను.

ఆ లిఫ్టులో స్టూలు మీద కూర్చుని రోజంతా పైకీ కిందికీ తిరిగే ఆమె, తెల్ల చీర, ఒళ్ళో టిఫిను సంచీ, ఆమే కదా కంప్లయింటు ఇచ్చింది, పైన పిట్ట ఏదో కూస్తోందయ్యా, పదిరోజులుగా, పైకెళ్ళేటప్పుడే కూస్తుంది, దిగేటప్పుడు కూయదు అంది, నేనేమన్నాను, గూడు కట్టుకుందేమోనమ్మా, గుడ్లు పెడితే చెప్పు అన్నాను, ఆమె నవ్వలేదు, నా కళ్ళలోకి చూసి, నాకు వినపడుతోందయ్యా అంది, ఆ ఒక్క ముక్కా అంది, నేను సంచీ సర్దుకుని వచ్చేశాను, ఎక్కేటప్పుడే కూస్తుందట, ఎక్కేటప్పుడే కదా చక్రం మీద భారం, ఏ పాఠమూ చదవని ఆమె జబ్బు పేరు తప్ప అన్నీ చెప్పింది.

ఇవాళ ఆదివారం, ఆ డాక్టరు ఆదివారం కూడా చూస్తాడు, మధ్యాహ్నం దాకా రద్దీగా ఉంటుంది, ఒంటికన్నుకి కట్టు కట్టుకున్న ముసలివాళ్ళు, చెయ్యి పట్టుకుని నడిపించే కూతుళ్ళు, నాలుగో అంతస్తులో ఎముకల డాక్టరుకి కర్రల మీద వచ్చేవాళ్ళు, వాళ్ళెవరూ మెట్లెక్కలేరు, ఎనిమిదిమంది పడతారు, ఎనిమిదిమంది, ఇప్పుడు తలుపులు మూసుకుంటున్నాయి, ఆమె మీట నొక్కుతోంది, పైన పిట్ట కూస్తోంది, అది కూస్తోందని తెలిసినవాళ్ళు ఇద్దరే, ఆమె స్టూలు మీద, నేను ఇక్కడ బెంచీ మీద పెన్సిలు పట్టుకుని, మూడో ప్రశ్న నడుస్తోంది.

లేచాను, బెంచీ పడిపోయింది కాబోలు, అందరూ తలలు తిప్పారు, ఇన్విజిలేటరు మేడం పరుగున వచ్చి గుసగుసగా ఏదో అంది, పెదాలు కదలడమే కనిపించింది, నాకు వినపడట్లేదమ్మా అన్నాను, ఎంత గట్టిగా అన్నానో మరి, కళ్ళజోడు కుర్రది చెవులు మూసుకుంది, దాని ప్రశ్న నావల్లే పోయి ఉంటుంది, మేడం నా ప్రశ్నపత్రం వెనక పెన్నుతో రాసింది, బయటికెళ్తే మళ్ళీ లోపలికి రానివ్వరు, ఈ ఏడాదికి అంతే, ఆరోగ్యం బాగాలేదా, ఆ చివరి మాట చూసి నాకు ఏడుపొచ్చింది, వెళ్తానమ్మా, ఒక లిఫ్టు ఆపాలి అన్నాను, ఆవిడకేమీ అర్థమై ఉండదు, దారి మాత్రం వదిలింది.

వరండాలో, పరీక్షకి ముందు వాళ్ళు ఫోను పెట్టి అంటించిన కవరు చేత్తో చిరగలేదు, పళ్ళతో చింపాను, ఎవరికి చెయ్యాలి, ఆఫీసులో ఆదివారం ఎవరూ ఎత్తరు, సూపర్‌వైజరు ఊళ్ళో లేడు, తాతకి చెయ్యాలి, తాత అంటే నా జోడీ, నాకంటే రెండేళ్ళు చిన్న, ముప్పై ఏళ్ళకే తల నెరిసిందని అందరం తాతా అంటాం, పదకొండేళ్ళుగా ఇద్దరం ఒకే వ్యాన్‌లో తిరుగుతున్నాం, గంట మోగుతోందో లేదో, ఎత్తడేం, ఎత్తరా, ఎత్తు, ఫోను ఎడమ చెవి దగ్గరుందని అప్పుడు చూసుకుని కుడివైపు మార్చాను, హలో హలో అంటూనే ఉన్నాడు వాడు, ఎంతసేపట్నుంచో అంటున్నాడు.

తాతా, ఆ లిఫ్టు ఆపాలి, వెంటనే వెళ్ళు, మెయిను పీకెయ్, జనాన్ని దింపెయ్ అన్నాను, ఏ లిఫ్టురా, అరవకు, నెమ్మదిగా చెప్పు అన్నాడు, కళ్ళ డాక్టరు బిల్డింగుది, బేరింగు పోయింది, నాకు వినపడలేదు, నాకసలు వినపడట్లేదురా, పెన్సిలు చప్పుడు కూడా వినపడట్లేదు, నేను సంతకం పెట్టేశాను, ఎవరికన్నా ఏమన్నా అయితే నేను బతకను అన్నాను, అటువైపు కాసేపు ఏమీ లేదు, లేదో నాకే వినపడలేదో, తాతా ఉన్నావా, ఉన్నావా అని అరిచాను.

ఉన్నాన్రా, అది ఆపేసే ఉంది, నిన్నే ఆపేశాను కదా, నువ్వు దిగి వచ్చి వ్యాన్‌లో కూర్చున్నాక నేను పైకెళ్ళి విన్నాను, ఈలేస్తోంది, మెయిను పీకి తాళం వేసి బోర్డు పెట్టాను, తాళంచెవి నా దగ్గరే ఉంది, బేరింగు రేపు వస్తుంది, ఇవాళ పేషెంట్లని కుర్చీల్లో మోసుకెళ్తున్నారు, ఆ లిఫ్టామె నాకు దండం పెట్టినంత పనిచేసింది అన్నాడు, అంత పొడుగు మాటనీ నేను ముక్కలు ముక్కలుగా, కుడి చెవికి ఫోను అదిమి, ఇంకో చెవి ఎందుకో మూసుకుని, ఏరుకుంటూ విన్నాను, ఆపేసే ఉందన్న మాట చేతికందగానే మెట్టు మీద కూలబడ్డాను, ఊపిరి వచ్చింది, దాని వెనకే కోపం వచ్చింది, మరి నాకెందుకు చెప్పలేదురా, నిన్నే చెప్పొచ్చు కదా, అందరూ కలిసి నా దగ్గర దాస్తున్నారా, నువ్వు రోజూ నా వెనక వెళ్ళి వినొస్తున్నావా, నేనేమన్నా చిన్నపిల్లాణ్ణా అన్నాను.

చెప్పాను కదరా, అన్నాడు తాత, అరవలేదు, ఒక్కో మాటా విడివిడిగా పలికాడు, నేను జపాను పాఠాల్లో నెమ్మదిగా చదివే మీట నొక్కితే వచ్చినట్టు, వ్యాన్‌లో, నీ పక్కనే కూర్చుని, రెండుసార్లు చెప్పాను, అది పోయిందిరా, ఆపేశాను, రిజిస్టరులో నీ రాత కింద నేను మార్చి రాశాను అని, సరేలే అన్నావు, మళ్ళీ చెప్పాను, సరే సరే అన్నావు, చెవులు చూపించుకోరా అని నాలుగు నెలల్నుంచి చెప్తున్నాను, ఎప్పుడు చెప్పినా సరేనంటావు, మీ ఆవిడ కూడా నాతో అదే అంది, డాక్టరు దగ్గరికి వెళ్దామంటే సరేనంటారన్నయ్యా, ఆ రోజొస్తే ఏ డాక్టరని అడుగుతారు అని, మేం నీ మీద అలిగి మానేశాం, వద్దనుకుంటున్నావేమో అనుకున్నాం.

ఫోను చెవికి అలాగే పెట్టుకుని కూర్చున్నాను, వరండా చివర కిటికీ దగ్గర ఎవరో ఊడుస్తున్నారు, చీపురు కదులుతోంది, లోపల హాల్లో ఏ ప్రశ్న నడుస్తోందో, అందరూ దాస్తున్నారనుకున్నాను, అలా అయినా బాగుండేది, ఎవరూ ఏమీ దాచలేదు, జోడీ చెప్పాడు, భార్య చెప్పింది, కూతురు చెప్పింది, లిఫ్టులో స్టూలు మీద కూర్చునే ఆమె కూడా నా కళ్ళలోకి చూసి చెప్పింది, అందరికీ నేనే సరే అన్నాను, ఏమన్నారో తెలియకుండా, అడిగితే చిన్నతనమని, ఇంకా ఎన్నింటికి అన్నానో, ఎవరెవరు ఏమేం అడిగి నా సరేని నమ్ముకుని వెళ్ళిపోయారో, ఒరే, ఉన్నావా అంటున్నాడు తాత, ఉన్నాను, మొదట్నుంచి మళ్ళీ చెప్పు అన్నాను, నెమ్మదిగా చెప్పు, పూర్తిగా వినపడేదాకా ఈసారి నేను సరే అనను.