ఫిల్ములో పడని జబ్బు

పులికాట్ ఒడ్డు పల్లెలో సామ్రాజ్యం వాకిట్లో నిలబడి ఒక ఫిల్మును ఎండకు ఎత్తి పట్టుకుంది. కోడలు రోజారమణి మెదడుకు నెల్లూరులో తీసిన స్కానింగు అది. రొయ్యలు ఒలుస్తున్న ఆడవాళ్లు పని ఆపి చుట్టూ మూగారు.

“చూడండమ్మా! అంతా నార్మలేనంట. చెవిలో ఎవురో తిడతా ఉండారని మూడు నెలలుగా ఇది ఆడింది నాటకం గాక ఇంకేంది?”

డాక్టరు మాత్రలు రాసి, మానకుండా వాడమని మరీమరీ చెప్పాడు. స్కానింగులో ఏమీ లేనప్పుడు మాత్రలెందుకని రోజారమణి భర్త పెంచల్ వాటిని తీసుకుపోయి పెంటలో పారేశాడు. ఏం ఘనకార్యమో!

“ఇంకోసారి ఆ మాటెత్తినావంటే మీ అమ్మగారింట్లో దించేసి వస్తా. బిడ్డ మాత్రం ఈడనే ఉంటాది” అన్నాడు భార్యతో.

అంతే, వారం తిరక్కుండా రోజారమణికి నయమైపోయింది. అందరితో నవ్వుతూ మాట్లాడింది, తట్ట ఎత్తుకుని చేపలమ్మడానికి పోయింది. అయినా సామ్రాజ్యానికి అనుమానం తీరలేదు. ఇంత తొందరగా కుదిరిందంటే ఇన్నాళ్లూ మమ్మల్ని ఎంత ఆడించిందో అని లోలోపల ఉడికిపోయింది. ఒంటరిగా ఉన్నప్పుడు ఇదేం చేస్తుందో చూడాలనుకుంది. ఒక మధ్యాహ్నం పక్కింటికి పోతున్నానని చెప్పి, ఇంటి వెనక నుంచి వచ్చి తడిక సందులోంచి తొంగి చూసింది.

రోజారమణి చెవుల్లో గుడ్డపీలికలు కుక్కుకుని మూలన ముడుచుకుని ఉంది. ఎదురుగా ఎవరూ లేరు. అయినా చేతులు జోడించి బతిమాలుతోంది.

“కాసేపు గమ్మునుండండి సామీ. మా అత్త వచ్చే యాళయింది. ఆమె ముందర నేను నవ్వాల. లేకుంటే నా బిడ్డను నాకియ్యరు.”

సామ్రాజ్యం తడిక వదిలి వెనక్కి జరిగింది. కోడలు నాటకమాడుతున్న మాట నిజమే. పాపం, ఆ పిల్ల ఆడుతున్నది బాగున్నట్టు!

మర్నాడే కొడుకునూ కోడలినీ వెంటబెట్టుకుని ఆమె నెల్లూరు పోయింది. జరిగినదంతా విని, ఆ మాత్రలు రాసిన డాక్టర్ క్రీస్తురాజు గారు ఫిల్మును చేతిలోకి తీసుకున్నారు.

“గడ్డలు గానీ, రక్తం గడ్డకట్టడం గానీ ఉందేమోనని ఆ స్కానింగు తీయించామమ్మా. అవి లేవు, సంతోషం. లేని మాటలు చెవిలో వినిపించే ఈ జబ్బు అందులో కనపడదు. పరిశోధనలు చేసేవాళ్లు ఎందరివో మెదళ్ల బొమ్మలు పోల్చి కొన్ని తేడాలు పట్టుకుంటున్నారు. అయితే ఒక్కరి ఫిల్ము చూసి ఈ జబ్బు ఉందనో లేదనో తేల్చే రోజు ఇంకా రాలేదు. అందాకా మనిషిని అడిగే తెలుసుకోవాలి.”

“మేము అడగలేదు సారూ, కాపలా కాసినాము” అంటూ సామ్రాజ్యం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పెంచల్ తల దించుకుని, మాత్రలు మళ్లీ రాయమని అడిగాడు.

అమ్మలారా, అయ్యలారా! స్కానింగులో ఏమీ లేదన్నారని బాధే లేదనుకోకండి. మీ ఇంట్లో ఎవరైనా తమకు బాగాలేదంటే ముందు నమ్మండి. నమ్మకపోతే వాళ్ల జబ్బు పోదు, మీ ముందు నవ్వడం మాత్రం నేర్చుకుంటారు.