నలభై ఒకటో పేజీ

పాలు కాచాలి. నీళ్ళు పట్టాలి. మామగారి కళ్ళజోడు బాగుచేయించాలి. పాప గౌను కుట్టు విప్పి వదులు చెయ్యాలి. ఆయన చొక్కాలు నాలుగు, ఇస్త్రీ. అత్తగారి మోకాళ్ళకి మందు రాయాలి. ఆఫీసులో పాత టపా రిజిస్టరుకి అట్ట వెయ్యాలి. ఆడబిడ్డ వస్తోంది, దుప్పట్లు ఉతకాలి. ఆయన మాట్లాడేదాకా మాట్లాడకూడదు. నిన్న అత్తగారన్న మాట మర్చిపోవాలి. ఏడుపు వస్తే స్నానాల గదిలో. వీలైతే నాటకం.

ఒక నాటకంలో రెండో రంగం చివర ఒక ఇల్లాలు ఈ పన్నెండు పనులూ పైకి చదువుతుంది. చూసినవాళ్ళకి ఇంకేం గుర్తున్నా లేకపోయినా ఇది గుర్తుంటుంది. రాసిన మనిషి మాత్రం దీన్ని నాటకం కోసం రాయలేదు.

ఆమె ఒక ఆఫీసులో టపాలు పంపే సీటులో పనిచేస్తుంది. వాళ్ళింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. హాస్టల్లో మొదటి రోజు గంట ఎందుకు కొట్టారో తెలియక అందరూ భోజనానికి వెళ్ళిపోయినా గదిలోనే కూర్చుండిపోయింది. పక్క మంచం పిల్ల వచ్చి, "ఒసే మొద్దూ, అది అన్నం గంటే" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. ఆ రోజు నుంచీ ఈమె మొద్దు, ఆ పిల్ల బక్కది. పెళ్ళయ్యాక చుట్టాలంతా ఫలానా వారి కోడలు అనీ, ఫలానా ఆయన భార్య అనీ పిలుస్తూ వచ్చారు కానీ, మొద్దూ అనే ఆ ఒక్క పిలుపు వింటేనే ఆమెకి తను తనలా అనిపించేది.

బక్కది పెళ్ళి మాట పక్కనపెట్టి వేరే ఊళ్ళో ఒక నాటక సమాజంలో చేరింది. పగలంతా వేషాలకి బట్టలు కుట్టేది. ప్రదర్శన వేళకి వేదిక ఎడమ పక్క తెర వెనక చిన్న దీపం పెట్టుకుని, నటులు మర్చిపోయిన మాటలు అందించేది. ఇద్దరూ వారానికో ఉత్తరం రాసుకునేవారు.

ఇంట్లో ఉత్తరాలు రాసుకుంటే అభ్యంతరం లేదు. నాటకం రాస్తానన్నప్పుడు మాత్రం అందరూ నవ్వారు. "రాసుకో, ఎవరొద్దన్నారు, పనులు చూసుకుని రాసుకో" అన్నాడు భర్త. మంచివాడేనని అందరూ అంటారు, ఆమె కూడా అంటుంది. అందుకని ఆమె నాటకాన్ని ఉత్తరాల్లోనే రాయడం మొదలుపెట్టింది. ఆఫీసులో ఒక పక్కే వాడి పారేసిన కాగితాలు తెచ్చుకుని, ముందుగా అన్నిటికీ వరసగా అంకెలు వేసేది. అంకె లేని కాగితం చూస్తే రిజిస్టర్లు రాసే చేతికి తోచదు. మధ్యాహ్నం భోజనం వేళ అరగంట, ఆదివారం అత్తగారు కునుకు తీసే గంటా. నాలుగు పేజీలు కాగానే ఉత్తరంలో పెట్టి పంపేది. బక్కది వాటిని శుభ్రంగా తిరగరాసి దాచేది. అలా రెండేళ్ళు.

పూర్తయ్యాక బక్కది తిరగరాసిన ప్రతిని, ఆమె మళ్ళీ చదవకుండానే, మూడు సమాజాలకి పంపారు. ఇందులో ఎవరూ అరవరు, ఎవరూ చావరు, నాటకం ఎక్కడుందని ఒకాయన రాశాడు. మీవారు రాసి మీ పేరు పెట్టారా అని ఇంకొకాయన అడిగాడు. మూడో చోటి నుంచి కట్ట కట్టినట్టే తిరిగొచ్చింది. దారానికి ఉన్నది తను వేసిన ముడే. రోజుకి నలభై కట్టలు కట్టే మనిషి తన ముడి తను గుర్తుపట్టదా? ఆఫీసులో పెద్ద గుమాస్తా, "మన టపా సీటులో రచయిత్రి ఉన్నారర్రా, మీ అర్జీలు జాగ్రత్త, ఒకటీ అరా అంకమైపోగలవు" అని అందరినీ నవ్వించాడు. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే పొగరంటారు.

ఆ సంగతులన్నీ రాస్తే బక్కది ఇలా జవాబిచ్చింది. "ఏడవకే మొద్దూ. మా సమాజం పెద్దాయన చేత చదివించే పూచీ నాది. ఆయన చొక్కా గుండీలు నా చేతిలో ఉన్నాయి, చదివేదాకా కుట్టను." అదే ఉత్తరం చివర చిన్న అక్షరాలతో ఇంకో మాట ఉంది. "నేనూ ఒకటి మొదలుపెట్టాను ఒకప్పుడు. నీది తిరగరాస్తుంటే నాది రాసినట్టే ఉంది, ఇంక అక్కర్లేదు." ఆమె ఆ మాటని అప్పుడు పట్టించుకోలేదు. ఆ సంగతి తర్వాత ఆమెని చాలాకాలం బాధపెట్టింది.

పెద్దాయన చదివాడు. ఆడించాడు. వేరే ఊళ్ళలో తొమ్మిది ప్రదర్శనలయ్యాయి, ఆమె ఒక్కటీ చూడలేదు. పేపర్లో నాలుగు వాక్యాలు వచ్చాయి, అందులో రెండు ఇల్లాలు పనుల జాబితా చదివే ఘట్టం గురించే. భర్త ఆ ముక్క కత్తిరించి పర్సులో పెట్టుకున్నాడు. శనివారం సాయంత్రం ఆ సమాజం ఈ ఊరికే వస్తోందని తెలిసి, ముందు వరసలో ఎనిమిది టిక్కెట్లు తెచ్చాడు. తన ఆఫీసరుగారి కుటుంబాన్ని కూడా పిలిచాడు.

ఆమెకి ఒకటే అయోమయం. అలాంటి ఘట్టం తను రాయలేదు. అదే అడుగుతూ బక్కదానికి ఉత్తరం రాసింది.

మంగళవారం బక్కదాని ఉత్తరం వచ్చింది. "నలభైకీ నలభై రెండుకీ మధ్య వచ్చిన కాగితమే, నీ అంకె వేసి ఉంది. నలభై పేజీ చివర ఆ ఇల్లాలు కాగితం తీసుకుంటుంది. నలభై రెండు మొదట్లో మొగుడు 'అయిపోయిందా?' అంటాడు. ఆ మధ్యలోది ఈ జాబితా కాదని నాకెలా తెలుస్తుంది? నేను దాన్ని తిరగరాస్తూ ఏడ్చాను కూడా. మొన్న నీ పాత ఉత్తరంలో పాప గౌను సంగతి చూశాక గానీ ఇది నీ ఇంటి జాబితాయేనని తెలియలేదు. మీవాళ్ళు ముందు వరసలో కూర్చుంటారంటున్నావు. తీసెయ్యమంటే తీసేస్తాను. ఇల్లాలి వేషం వేసే అమ్మాయికి ఆ జాబితా ఎప్పుడూ పూర్తిగా రాదు, నేను అందిస్తేనే చెబుతుంది. నేను నోరు మూసుకుంటే ఆ పేజీ లేనట్టే. శుక్రవారంలోగా ఒక్క ముక్క రాయి."

నలభై ఒకటి తర్వాత రాద్దామని వదిలి, నలభై రెండు ఆమె ముందే రాసేసుకుంది. నలభై ఒకటి ఖాళీగా చేతికి దొరికితే పనుల జాబితాకి వాడుకుంది. తర్వాత ఆ సంగతి మర్చిపోయి నాలుగు పేజీలూ కలిపి మడిచేసింది. అంతే జరిగింది.

భర్తకి ఉత్తరం చూపించింది. చూపించకుండా ఉండాల్సిందేమో, కానీ దాచడం ఆమెకి చేతకాదు. అతను కోప్పడలేదు, చదివి మడిచి ఆమె చేతికిచ్చాడు.

"మా అమ్మ గురించి, నా గురించి, ఊరందరి ముందా? ఆఫీసరుగారు నా పక్కనే కూర్చుంటారు. ఒక్క పేజీయే కదా, తీసేయించు. నాటకానికి వచ్చే లోటేముంది?"

గొంతు మెత్తగా ఉంది. అలా మెత్తగా అడిగినప్పుడు ఆమె ఇంతవరకు కాదన్నది లేదు.

బుధవారం ఆఫీసులో, టపా సంచి మూసేలోపు, తీసెయ్ అని రాయడానికి కాగితం తీసుకుంది. సంచి వెళ్ళిపోతే శుక్రవారానికి అందదు. బక్కది ఉత్తరంతో పాటు ఆ అసలు కాగితాన్ని కూడా తిప్పి పంపింది. రాసేముందు ఆమె దాన్ని పరాయివాళ్ళ అర్జీ చదివినట్టు ఒకసారి చదివింది. పాలకి వీలైతే అని లేదు. చొక్కాలకి లేదు. దుప్పట్లకి లేదు. ఆఖరికి ఏడుపుకి కూడా ఒక గది కేటాయించి ఉంది. పన్నెండింటిలో ఒక్కదాని ముందే వీలైతే అని ఉంది. ఆ మాట భర్త రాయలేదు, అత్తగారు రాయలేదు. తన చేత్తో తనే రాసుకుంది. ఇప్పుడు ఇంకొక్కసారి రాయమంటున్నారు, అంతే తేడా. పెద్ద గుమాస్తా గడియారం చూస్తూ, సంచి కట్టమంటారా అమ్మా అన్నాడు. ఒక్క నిమిషం ఆగమని చెప్పింది. ఆ సీటులో ఆమె ఎవరినైనా ఆగమనడం అదే మొదలు.

"బక్కదానా, అందించు. ఒక్క మాట కూడా వదలకు. ఇంకోటి. కరపత్రంలో కుర్చీలు ఇచ్చినవాళ్ళ పేరు కూడా ఉంది, నీ పేరు లేదు. నువ్వు మొదలుపెట్టి ఆపేసినదాన్ని నాకు పంపు. నాలుగేసి పేజీలే చాలు. తిరగరాయడం నాకూ వచ్చు."

శనివారం ఎనిమిది మందీ ముందు వరసలో కూర్చున్నారు. జాబితా దగ్గరికి వచ్చేసరికి ఆ నటి మూడో పని చెప్పి ఆగిపోయింది. ఎడమ పక్క నుంచి సన్నగా ఒక గొంతు "పాప గౌను" అంది. తర్వాత ఒక్కొక్కటే వచ్చింది, అన్నీ వచ్చాయి. "ఆయన మాట్లాడేదాకా" దగ్గర ఆఫీసరుగారి భార్య తలతిప్పి తన భర్తని చూసింది. ఈమె భర్త మాత్రం తన బూట్ల వైపు చూస్తూ ఉండిపోయాడు.

ఇంటికి నడుస్తుంటే అతను నాలుగడుగులు ముందున్నాడు. తొమ్మిదో పని, ఆయన మాట్లాడేదాకా మాట్లాడకూడదన్నది, అప్పుడే మొదలైందని ఆమెకి అర్థమైంది. ఎన్నాళ్ళు ఉంటుందో తెలియదు. ఈసారి తను మాత్రం దాన్ని పనిగా పెట్టుకోదు.

అత్తగారు కాలు ఈడుస్తూ పక్కన వచ్చింది.

"ఆరోది తప్పు రాశావు. ఆ వారమంతా మందు నేనే రాసుకున్నాను."

"అవునత్తయ్యా."

కాసేపు నడిచాక మళ్ళీ, "ఇంతకీ నేనేమన్నాను ఆ రోజు?" అంది.

పదో పనిలో మర్చిపోవాల్సిన మాట. ఆమె నిలబడి అక్షరం పొల్లు పోకుండా చెప్పింది. "చదువుకున్న కోడలొస్తే మందు సీసా మీద పేరు చదివిపెడుతుందనుకున్నాం గానీ, ఇంటి గుట్టు కాగితాలకెక్కిస్తుందనుకోలేదు, తల్లి పెంపకం అంతే అన్నారు."

మలుపు దగ్గర మెట్టు దిగేటప్పుడు అత్తగారు చెయ్యి చాపింది, ఆమె పట్టుకుంది. అది క్షమాపణో, మోకాలి నొప్పో ఆమెకి ఇప్పటికీ తెలియదు.

బక్కదాని నుంచి ఇంకా పేజీలు రాలేదు. ఆమె కాగితాలకి అంకెలు వేసి పెట్టుకుంది. ఆ నాటకం ఎప్పుడైనా మీ ఊరొస్తే చూడండి. మూడో పని అయ్యాక నటి ఆగి, ఒక్క క్షణం ఎడమ పక్కకి చూస్తుంది. అక్కడ చిన్న దీపం ముందు వంగి కూర్చున్న బక్క మనిషి మీకు కనబడదు, పేరు కరపత్రంలో దొరకదు. చప్పట్లు కొట్టేటప్పుడు ఆవిణ్ణి కూడా ఒకసారి తలుచుకోండి.