జర్మనీలో బాగైన పెన్ను

గోరువెచ్చని నీళ్ల గిన్నెలోంచి పెన్ను తీసి, బాబు మియా దాని వెనక మరను మెల్లగా తిప్పాడు. లోపలి పిస్టన్ కదిలింది. మూడేళ్లుగా గడ్డకట్టిన సిరా నీలి నూలుపోగులా నీళ్లలోకి జారింది.

కరీంనగర్ కోర్టు రోడ్డులో, మెట్ల కింద రేకు డబ్బా. ముప్పై తొమ్మిదేళ్లుగా అందులో కూర్చుని పెన్నులు బాగుచేయడమే ఆయన పని. గోళ్ల సందుల్లో నీలం ఎంత కడిగినా పోదు.

పెన్ను సొంతదారు ఓంప్రకాశ్ వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఆయన ఇంట్లో అద్దాల పెట్టెల్లో నూట నలభై విదేశీ పెన్నులున్నాయి. వాటిలో పదకొండు మియా చేతిలో బాగుపడినవే.

“పిస్టన్‌ది మజానే వేరు మియా. నువ్వు గా డ్రాపర్‌తోని సిరా చుక్కలు పోసే పెన్నులు ఇంక ఇడువవా?”

“రాసెటోనికి గవే మంచిగుంటయ్ సాబ్. ఒక్కపారి నింపుతే పది దినాలొస్తది. ఏ పెన్నయినా రాయకుంటే గిట్లనే పట్టేస్తది.”

“నేనేం రాస్త? ఎల్లుండి హైదరాబాద్‌ల పెన్నుల ప్రదర్శన ఉన్నది. జర్మనీల బాగుచేయించిన అని చెప్పుకున్న. నువ్వు ఎవలకు అనకు.”

మియా చేతిలో గుడ్డ ఆగిపోయింది. “మరి గా పదకొండు?”

“అవి గూడ.” ఓంప్రకాశ్ నవ్వాడు.

మియా మొహం జేవురించింది. బిగించబోతున్న పాళీని గుడ్డ మీద పెట్టేశాడు.

“అయితే గిది గూడ జర్మనీకే పంపుండ్రి.”

“గింతదానికి కోపమా? ఏం గావాలె నీకు?”

“చిట్టీ. ఎవలు బాగుచేసిండ్రో గీ పెన్నుతోనే రాయుండ్రి.”

పాళీ బిగించి, సిరా నింపి అందించాడు. ఓంప్రకాశ్ పళ్లు కొరుకుతూ రాశాడు: ‘ఈ పెన్నును కరీంనగర్‌లో బాబు మియా బాగుచేసిండు.’ కింద సంతకం గీకాడు.

“తారీఖు ఎయ్యలే,” అన్నాడు మియా.

అదీ వేసి, చిట్టీ ఇచ్చి, పెన్ను తీసుకుని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం కూతురు రబియా అన్నం తెచ్చేసరికి మియా గోడకు తల ఆనించి ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకుని గిన్నె చప్పుడు కాకుండా పెట్టింది. “అబ్బా” అని తండ్రిని పిలిచి భుజం తట్టినప్పుడు తెలిసింది, ఒళ్లు చల్లబడిందని. చిట్టీ ఆయన జేబులో ఉంది.

నాలుగోనాడు తండ్రి ఫోన్‌లో ఓంప్రకాశ్ పెట్టిన ఫొటో చూసింది. తండ్రి గిన్నెలో నానుతుంటే తను చూసిన పెన్నే. పక్కనే అచ్చువేసిన కార్డు: ‘జర్మనీలో మరమ్మతు చేయించినది.’

“జూటా మనిషి!”

రబియా అప్పటికప్పుడు కోర్టు రోడ్డుకు నడిచింది. మూసిన రేకు తలుపు మీద, నలుగురూ చదివే ఎత్తులో, చిట్టీకి గమ్ పూసి అంటించింది. తారీఖు దగ్గర సిరా ఎక్కువ పారి, అంకెలు లావుగా, ముదురు నీలంలో ఉన్నాయి.